తడపని బూడిద

తనిఖీ రోజున మా కాలనీ కొళాయిల్లో నీళ్లు రావు. కరెంటు ఫ్యాక్టరీకి అధికారులు వస్తున్నారంటే చాలు, మేం తాగాల్సిన నీళ్లు టాంకర్లకెక్కించి, బొగ్గు కాల్చిన బూడిద పారబోసే చెరువు మీద చల్లిస్తారు. తడిసిన బూడిద లేవదు. వచ్చినవాళ్లు ఓసారి గాలి పీల్చి, సంతకం పెట్టి పోతారు. మర్నాడు ఎండ కాయగానే ఆ బూడిద మళ్లీ మా అన్నంలో పడుతుంది. చెప్పండి, ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా?

ఈ మోసాన్ని పట్టుకున్నది పుస్తకాలక్క. బొగ్గు గనుల మీద ఒక పుస్తకం, ఆనకట్ట కింద మునిగిన ఊళ్ల మీద ఒక పుస్తకం రాసిన విలేఖరి ఆమె. మా కాలనీలోనే గది అద్దెకు తీసుకుని, మాతో పాటే బిందె పట్టుకుని నిలబడేది. ఒకరోజు ఖాళీ బిందెతో వెనక్కి వెళ్తూ, "ఇవాళ ఫ్యాక్టరీకి ఎవరైనా వస్తున్నారా?" అని అడిగింది. ఆ ప్రశ్నే పుస్తకమైంది.

యాజమాన్యానికి ఒళ్లు మండింది. అన్నీ అబద్ధాలేనని కేసు పెట్టారు. బూడిద లేస్తోందో లేదో కళ్లారా చూసి రమ్మని కోర్టు ఒక అధికారిని పంపింది. లేవలేదని ఆయన చెబితే పుస్తకం అమ్మకుండా ఆపేస్తారు, అక్కను జైల్లో పెడతారు.

ఆయన వచ్చే ముందురోజు సాయంత్రం అందరం క్యాంటీన్ షెడ్డులో చేరాం.

"నా దగ్గర ఫోటోలున్నాయి, భయపడకండి," అంది అక్క.

"ఎవడిక్కావాలి తల్లీ నీ ఫోటోలు!" మా అత్త కసురుకుంది. బూడిద ఎత్తీ ఎత్తీ ఆమె గొంతు బొంగురుపోయింది. "రేపు తెల్లారేసరికి తడిపేస్తారు. ఆయనకేం కనబడుతుంది, నా మొహమా?"

అందరం టాంకరు డ్రైవర్ల వైపు తిరిగాం. వాళ్లలో పెద్దవాణ్ణి మొండోడంటాం.

"నన్నేం చూస్తారు? పొయ్యమంటే పోస్తా. నాకూ పిల్లలున్నారు."

"ఆ పిల్లలే కదరా దగ్గి దగ్గి చచ్చేది! అక్క రాసింది అబద్ధమని తేలితే మన దగ్గూ అబద్ధమే. రేపు ఆస్పత్రికి పోతే, నీకేం రోగం లేదు పొమ్మంటారు."

"బండి ఆపితే నన్ను పీకేస్తారత్తా."

"నువ్వొక్కడివే ఎందుకాపుతావు? బళ్లన్నీ ఆపండి. బూడిద ఎత్తేవాళ్లం మేమూ పనిలోకి దిగం. ఎంతమందిని పీకుతారో చూద్దాం!"

అక్క గాభరాగా లేచింది. "వద్దు. నా పుస్తకం కోసం మీ పొట్టలు కొట్టుకోకండి."

మొండోడికి చర్రున కోపమొచ్చింది. "నీ పుస్తకమేంటి? అందులో దగ్గేది నువ్వా, మా అమ్మా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. అక్క నవ్వలేక, ఏడవలేక కూర్చుండిపోయింది. పని ఆపాలని అక్కడే తేలిపోయింది.

మర్నాడు పొద్దున టాంకర్లు నిండాయి. చెరువు దారి పట్టకుండా నేరుగా మా వీధిలోకొచ్చి నిలిచాయి.

"పట్టుకోండి వదినా, మీ నీళ్లే!" అంటూ మొండోడు గొట్టం విప్పాడు. బిందెలు, బకెట్లు, డబ్బాలు, ఏది దొరికితే అది తెచ్చి నింపుకున్నాం. మేనేజరు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"మతి పోయిందట్రా మీకు? ఆయన వచ్చేస్తున్నాడు!"

"రానివ్వండి సార్. దాహమేస్తే ఆయనకీ ఓ గ్లాసు పోస్తాం."

అధికారి కారు దిగేసరికి గాలి మొదలైంది. గట్టు మీంచి బూడిద లేచి ఆయన చొక్కా మీద, కళ్లద్దాల మీద, నోట్లో పడింది. మేనేజరు జేబురుమాలు ముక్కు దాకా తీసుకెళ్లి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అధికారి వంగిపోయి దగ్గాడు. అత్త చెంబుతో నీళ్లందించింది.

"తాగండి బాబూ. మాకిది రోజూ ఉండేదే."

మధ్యాహ్నానికి పోలీసు జీపొచ్చింది. కార్మికుల్ని రెచ్చగొట్టిందని అక్క చెయ్యి పట్టుకున్నారు.

"ఆమె వద్దంది సార్, మేమే వినలేదు!" అని మొండోడు అడ్డం పడ్డాడు. అతన్నీ ఎక్కించారు. జీపు కదిలింది. దాని వెనకే కాలనీ మొత్తం కదిలింది.

స్టేషను వరండా నిండిపోయి, మెట్లు నిండి, రోడ్డు మీద కూర్చున్నాం. ఎస్సై విసుక్కుంటూ కాగితం తీశాడు. "నీళ్లు దొంగిలించారని మేనేజరు ఫిర్యాదు ఇచ్చాడు. దొంగిలించింది ఎవరు? ఒక్కొక్కరే చెప్పండి."

అత్త అందరినీ తోసుకుని వెళ్లి బల్ల ముందు నిలబడింది.

"రాసుకో నాయనా. నీళ్లు మావి. అక్కణ్ణుంచి మొదలుపెట్టు."