ఎన్ని పడ్డయ్?

"ఎన్ని పడ్డయ్?"

హాల్లకెళ్ళి జయప్రకాశ్ కేకేసిండు. వంటింట్ల చాయ్‌ల కోసం అల్లం దంచుతున్న ప్రసూనకు ఏం పడ్డయో అర్థం గాలేదు. పది రోజుల కిందనైతే ఆ మాటకు ఒకటే అర్థం, వికెట్లు. ఇప్పుడు ఆ టీవీల ఏమన్న పడొచ్చు. విమానాలు పడుతున్నయ్, డ్రోన్లు పడుతున్నయ్, ఎక్కడో దేశం ఆ కొసన ఉన్న ఊర్ల మీద బాంబులు పడుతున్నయ్. యుద్ధం వచ్చిందని మ్యాచులు ఆపేసిన్రు గాని ఆ కేకలు మాత్రం ఆగలేదు. అదే సోఫా, అవే పల్లీలు, పూటకు ఆరు గ్లాసుల చాయ్. మొదటి రెండు రోజులు మ్యాచుల్లేవని మొగోళ్ళంత మొకాలు వేలాడేసుకున్నరు. మూడోనాటికి యుద్ధం గూడ మంచిగనే ఆడుతున్నరని తేల్చుకొని కుదుటపడ్డరు.

ఇగ ఆ ఇంట్ల అభిప్రాయం లేనిదెవరికి? జయప్రకాశ్‌కు ఏ విమానం ఎంత దూరం పోతదో నోటికొచ్చు. బీడీలు చుట్టే తునికాకు కల్లానికి కల్లేదారు ఆయననే. ఊరోళ్ళు అడవిల తెంపుకొచ్చిన ఆకు కట్టలు తీసుకొని ఎండబెట్టించే పని. సీజను నడుస్తుంటే దాన్ని గుమస్తా మీద ఇడిసిపెట్టి టీవీ ముంగట కూసొని యుద్ధం నడిపిస్తున్నడు. పక్కింటి వెంకటరామారావు సారు తెలుగు పండితునిగ రిటైరైండు, పొద్దున పదింటికల్ల వచ్చి కూసుంటడు. "ఒక్క దెబ్బకు మ్యాపుల లేకుంట చెయ్యాలె" అంటడు, "చక్కెర జర తక్కువైందమ్మా" అంటడు, రెండూ ఒకటే గొంతుతోటి. అత్త ప్రమీలారాణి బాధ ఇంకోటి. బ్రేకింగ్ న్యూసుల కింద పడి ఆమె సీరియల్ ఆగిపోయింది. అండ్ల కోడలు పాలల్ల ఏం కలిపిందో తెల్వక నాలుగు రోజులసంది ఆమెకు నిద్ర లేదు. "వీళ్ళ యుద్ధం పాడుగాను, జల్దీ ఏదో ఒకటి తేల్చుకోవద్దా" అంటది.

ప్రసూన బి.ఎస్సీ. చదివింది. పెండ్లికి ముందు రెండేండ్లు బడిల పాఠాలు గూడ చెప్పింది. యుద్ధం మొదలైన రోజు చాయ్ అందిచ్చుకుంట నోరాపుకోలేక, "అటుదిక్కు గూడ పసిపిల్లలుంటరు గద" అన్నది. అంతే, జయప్రకాశ్ నవ్విన నవ్వుకు గ్లాసుల చాయ్ ఒలికి లుంగీ మీద పడ్డది. "సారూ, మా ఇంట్ల ఐక్యరాజ్యసమితి ఉన్నదని మీకు చెప్పనే లేదు గద!" అన్నడు. ఆ రోజుకెళ్ళి ఆమె పేరు అదే అయిపోయింది. ఐక్యరాజ్యసమితీ, చాయ్. ఐక్యరాజ్యసమితీ, పల్లీలల్ల ఉప్పెక్కువైంది. లుంగీ ఉతికేది గూడ ఐక్యరాజ్యసమితే. పదిహేడేండ్ల కాపురంల ఏ ఒక్క సంగతి మీద గూడ నువ్వేమంటవని ఆయన అడిగినోడు గాదు. ఇప్పుడు కొత్తగ బాధపడేటందుకు ఏమున్నది అనుకున్నది. బాధ అయితే అయింది.

బయటి మొగోళ్ళున్నప్పుడు కోడలు సోఫాల కూసునుడు ఆ ఇంట్ల లేదు. వంటింటి గడప కాడ చాప ఏసుకొని చింతపండుల గింజలు తీసుకుంట కూసుంటది. అక్కడికెళ్ళి చూస్తే మొగోళ్ళ భుజాల సందుల టీవీ అడుగున ఉరికే అక్షరాలు తప్ప ఏం కనపడవు. ఆ అక్షరాలల్లనే వాళ్ళ దిక్కు సంగతి ఉంటది. వాళ్ళ ఊరు భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద. ఊరు దాటితే వాగు, వాగు దాటితే అడవి, అడవి దాటితే గుట్టలు, గుట్టల అవతల ఇంకో రాష్ట్రం. నెల రోజులసంది ఆ గుట్టల మీద నక్సలైట్ల కోసం గాలింపు నడుస్తున్నది. హెలికాప్టర్లు ఇంటి మీదికెళ్ళే పోతుంటయ్. అవి పోయినప్పుడల్ల వంటింటి గూట్ల స్టీలు ప్లేట్లు గజగజ మోగుతయ్, జయప్రకాశ్ టీవీ సౌండు పెంచుతడు. ఆ కొసన యుద్ధానికి బొమ్మలు, మ్యాపులు, గుండె అదిరే మ్యూజిక్కు. ఈ కొసన జరిగేదానికి కింద ఒక్క లైను. ఆ లైను చదివేది ఇంట్ల ప్రసూన ఒక్కతే. శుక్రవారం నాడు గూడ ఆమె అదే చదువుతున్నది, గింజలు తీస్తున్న చేతులు ఆగి ఆగి కదులుతున్నయ్, ఎందుకంటే హేమ్లి అడవికి పోయి అప్పటికి మూడో రోజు.

హేమ్లి పదకొండేండ్లసంది ఆ ఇంట్ల బాసాన్లు తోముతది. తండా ఊరి చివరనే. మొగుడు పోయి ఆరేండ్లయింది, ఆడబిడ్డ గోరితోటి ఒకే ఇంట్ల ఉంటది. ఎండకాలం వచ్చిందంటే తెల్లారంగనే ఆకుకు పోయి, మధ్యాహ్నానికి కట్టలు కల్లంల ఏసి, ఆ ఆకు మరకల చేతులతోటే ఈ ఇంటి గిన్నెలు ముంగటేసుకుంటది. ప్రసూన వయసే ఆమెది గూడ. ఇద్దరు దొడ్డి గడప మీద కూసొని తాగే ఒక్క గ్లాసు చాయే ప్రసూనకు రోజు మొత్తంల కూసొని తాగే చాయ్.

పోయిన ఆదివారం జయప్రకాశ్ భద్రాచలం పోయి మిలటరీ డిజైన్ చొక్కా కొనుక్కొచ్చిండు. ముదురాకుపచ్చది, భుజాల మీద పట్టీలు, రెండు జేబులు. యుద్ధం వచ్చినంక బట్టల దుకాణాలల్ల ఎక్కడ చూసినా అవే వేలాడుతున్నయట. వేసుకొని, మీసం దువ్వుకొని, చెయ్యి నుదుటికి పెట్టి సెల్యూట్ కొడుతున్నట్టు ఫొటో దిగిండు, వాట్సాప్‌ల పెట్టుకున్నడు. "నువ్వొక్కదానివే లైకు కొట్టలేదు" అని ఆ ఫొటోనే ప్రసూనకు వేరేగ పంపిండు. ఫొటో అయినంక కుర్చీల కూసున్నడో లేదో, పొట్ట మీది మూడో గుండీ టప్పున ఎగిరి టీవీ కింద పడ్డది. ప్రసూన వంగి వెతికి తీసి కుట్టింది. ఇంట్ల పచ్చ దారం లేదు. లంగాలు కుట్టే నీలి దారం ఉంటే దాంతోటే కుట్టింది. మళ్ళ వేసుకుంటే ఊపిరాడలేదు. "హేమ్లికియ్యి, గచ్చు తుడుసుకుంటది" అని ఇసిరేసిండు.

బుధవారం నాడు ఇవతల ఆకు దొరకక హేమ్లి పొద్దున్నే వచ్చి బాసాన్లు తోముతుంటే జయప్రకాశ్ దొడ్డి తలుపు కాడికి వచ్చిండు. "ఇవతల ఆకంత అయిపోయింది. ఇయ్యాల వాగు అవతలికి పోండ్రి. వాన పడితే ఆకు పనికిరాదు" అన్నడు.

"పోవద్దని చాటింపు ఏసిన్రు గదయ్యా. తుపాకుల మోత తండా దాక ఇనపడుతున్నది" అన్నది హేమ్లి.

"అదంత గుట్టల మీద. వాగు కాడ ఏం లేదు. టీవీ చూస్తలేనా నేను?" అన్నడు, లోపలికి పోయిండు.

హేమ్లి బూడిద చేతుల గిన్నె కింద పెట్టి ప్రసూన మొకంలకు చూసింది. "అమ్మా, నువ్వేమంటవ్? పొమ్మంటవా?"

ఎంత చిత్రం! ఆ ఇంట్ల నువ్వేమంటవని ప్రసూనను అడిగిన మనిషి హేమ్లి ఒక్కతే. వద్దని చెప్పాలె. ప్లేట్లు గజగజలాడే చప్పుడు రోజూ ఇంటున్నది, కింది లైను రోజూ చదువుతున్నది. వద్దు అన్న మాట నాలుక మీదికి వచ్చింది గూడ. కాని నోరు తెరిస్తే, "ఆయన చెప్తున్నడు గద, ఆయనకు తెల్వదా" అన్నది. అని, అది సరిపోనట్టు లోపలికి పోయి ఆ చొక్కా తెచ్చి, "ముండ్లు గీరుకుంటయ్, చీర మీద ఇది ఏస్కో" అని చేతుల పెట్టింది. హేమ్లి అక్కడనే వేసుకున్నది. చేతులు పొడుగైతే మడిచింది గూడ ప్రసూననే. "పోలీసు లెక్క ఉన్ననా అమ్మా?" అని నవ్వుకుంట పోయింది హేమ్లి.

ఆ రోజు పోయినోళ్ళు ముగ్గురు. మోత ఇని ఇద్దరు ఉరికొచ్చిన్రు. హేమ్లి మంచి ఆకు కోసం జర ముంగటికి పోయిందని చెప్పిన్రు. గోరి పొద్దుమాపు దొడ్డి తలుపు కాడికి వచ్చి నిలబడుతున్నది. శుక్రవారం మధ్యాహ్నం గూడ వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డది. వాగు దిక్కు పోదామంటే తండాల ఎవరికీ ధైర్యం చాల్తలేదు.

అప్పుడే టీవీ అడుగున ఆ లైను ఉరికింది. సరిహద్దు గుట్టల్లో ఎదురుకాల్పులు, నలుగురు మృతి. మృతుల్లో ఆలివ్ గ్రీన్ దుస్తుల్లో ఉన్న గుర్తు తెలియని మహిళ. మృతదేహాలు భద్రాచలం తరలింపు.

సోఫా మీద చర్చ ఆగింది. తమ ఊరి దిక్కు సంగతి గనుక అందరూ ముంగటికి వంగిన్రు.

"ఎన్ని పడ్డయ్?" అన్నడు జయప్రకాశ్.

"నాలుగు" అన్నడు వెంకటరామారావు సారు, పల్లీ పొట్టు ఊదుకుంట.

"నాలుగు గాదు సార్." ప్రసూన గొంతు ఆమెకే కొత్తగ ఇనపడ్డది. "నలుగురు."

సారు వెనుకకు తిరిగి చూసిండు. ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన పాఠం గద, చప్పున తల దించుకున్నడు. ప్రసూన ఆయనను చూస్తలేదు. జయప్రకాశ్‌ను చూస్తున్నది. ఐక్యరాజ్యసమితి పాఠాలు గూడ చెప్తున్నదే అని ఆయన నవ్వుతడనుకున్నది. నవ్వలేదు. ఆయన గూడ ఆ లైను చదివిండు, ఆలివ్ గ్రీన్ అన్న మాట కాడ ఆయన మొకం పాలిపోయింది. ఫోన్ తీసిండు. వాట్సాప్‌ల సెల్యూట్ కొడుతున్న తన బొమ్మను తీసేసి, ఒక జెండా బొమ్మ పెట్టుకున్నడు. ఆ బొటనవేలు కదులుడు ప్రసూన కింద కూసొని కండ్లార చూసింది.

ఆయన లేచి గడప కాడికొచ్చి గొంతు తగ్గిచ్చి అన్నడు. "ఎవరన్న అడిగితే మనం ఎవరినీ పొమ్మనలేదు. ఆమె సొంతంగ పోయింది. చొక్కా గిక్కా మనకు తెల్వదు. ఇంటున్నవా? ఆ గోరిని పంపించెయ్."

భయంతోటి ఆయన ఊపిరి వేడిగ తగులుతున్నది. ప్రసూనకు గూడ భయమైంది. ఆయనకు కోపమొస్తే ఏం జరుగుతదో పదిహేడేండ్లసంది ఆమెకు తెలుసు. కాని గుర్తు తెలియని అన్న మాట ఉన్నది చూడు, అది ఆమెను కూసోనియ్యలేదు. గుర్తు తెలియకపోవుడేంది? హేమ్లి ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఎక్కడున్నదో తెలుసు, చాయ్‌ల రెండు చెంచాల చక్కెర పోస్తే గాని తాగదని తెలుసు. తండావాళ్ళు పోయి ఆమె మా మనిషే అంటే వాళ్ళను గూడ అనుమానిస్తరు. ఎవరూ పోకపోతే ఆ మనిషి టీవీల ఒక్క లైను కింద మిగిలిపోతది. అడవికెందుకు పోయిందో, ఆ బట్టలు ఒంటి మీదికి ఎట్ల వచ్చినయో చెప్పగలిగేది ఈ లోకంల ఇద్దరే. ఒకాయన ఇప్పుడే ఫొటో మార్చుకున్నడు.

ప్రసూన చింతపండు చేతులు కడుక్కున్నది. దొడ్లకు పోయి గోరి చెయ్యి పట్టుకొని, లోపలికి తెచ్చి, హాల్లకెళ్ళి, ఆ మొగోళ్ళందరి ముంగటికెళ్ళి వీధి తలుపు దాక నడిపిచ్చింది. గోరి ఆ హాల్ల కాలు పెట్టుడు అదే మొదలు.

"ఎటు?" అన్నడు జయప్రకాశ్.

"భద్రాచలం."

"ప్రసూనా, మంచిగుండదు చెప్తున్న!"

"ఇంత మంది ఉన్నరు, చాయ్ ఎవరు పెడతరే?" అన్నది అత్త.

చర్ల కాడికెళ్ళి వచ్చే బస్సు అప్పుడే మూల తిరుగుతున్నది. ఇద్దరు ఎక్కిన్రు. దారి పొడుగూత ఫోన్ మోగింది. ప్రసూన ఎత్తలేదు. గోరి ఏడుస్తలేదు, కొంగు అంచు వేలుకు చుట్టుకుంట ఇప్పుకుంట కూసున్నది.

దవాఖాన వెనుక గది ముంగట బల్ల ఏసుకొని ఒక పోలీసాయన రిజిస్టరు పట్టుకొని ఉన్నడు. "ఏం గావాలమ్మా?" అన్నడు.

"మా హేమ్లిని వెతుక్కుంట వచ్చినం" అన్నది ప్రసూన. "మూడు రోజులాయె. పచ్చ చొక్కామె ఎవరన్న ఉంటే మూడో గుండీ చూడున్రి. అదొక్కటి వేరే దారంతోటి ఉంటది. కుట్టింది నేను."

ఆయన ఇద్దరినీ కింది నుంచి మీదికి చూసి లోపలికి పోయిండు. ఆలస్యమైంది. వచ్చినంక వాళ్ళ దిక్కు చూడకుంట అడిగిండు.

"దారం ఏ రంగమ్మా?"

"నీలం."

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టిండు. గోరి వేళ్ళు ప్రసూన మణికట్టును గట్టిగ పట్టుకున్నయ్, ఇగ ఇడవలేదు. ఆయన కూసొని రిజిస్టరు తెరిచిండు.

"అడవికి ఎందుకు పోయింది?"

"తునికాకుకు."

"పోవద్దని చాటింపు ఏసినం గద. ఎవరు పొమ్మన్నరు?"

ప్రసూన మొగుని పేరు చెప్పింది. ఇంటిపేరుతోటి, తండ్రి పేరుతోటి, పోలీసాయన రాసుకునేటట్టు నిదానంగ చెప్పింది. ఫోన్ల మొగుడు పంపిన సెల్యూట్ ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. "ఇదే చొక్కా" అన్నది. పోలీసాయన ఫొటో చూసిండు, రాసుకున్నడు. రాసుడు అయినంక తలెత్తి అడిగిండు.

"ఇంకేమన్న చెప్పేదున్నదా అమ్మా?"

"ఉన్నది" అన్నది ప్రసూన. "పోయే ముంగట నన్నడిగింది, పొమ్మంటవా అని. వద్దని నాకు తెలుసు. నేను అనలేదు. అదిగూడ రాయున్రి."