దారానికి వేలాడిన బంతి

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది గాని, ఆకాశం తడిసిన గోనెపట్టాలా అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ ఊరి మీదికి దిగి ఉంది. బస్సులో కూర్చున్న భీమశంకరం కోటు లోపలి జేబు మళ్లీ తడుముకున్నాడు. తను పనిచేసే పాత వస్తువుల కొట్టు యజమాని వాల్టర్ ఇచ్చిన కార్డు అందులోనే ఉంది.

దగ్గర దగ్గర వందేళ్ల కిందట సిగరెట్ పెట్టెలో వచ్చిన అట్టముక్క అది. వెనక కంపెనీ ప్రకటన, ముందు అంటించిన ఫొటో. అదీ చుట్టరంగుకు తిరిగింది. బేస్‌బాల్ ఆటగాడొకడు స్టూడియోలో నిలబడి, దారానికి వేలాడగట్టిన బంతికేసి చేతులెత్తాడు. వాల్టర్ తాతే అతను. కొట్టు కప్పు కారుతోందని నిన్న వాల్టర్ దాన్ని భీమశంకరంతో అతని ఇంటికి పంపాడు. "జాగ్రత్త శంకర్, రేపు కొనేవాడొస్తాడు." తడి చెయ్యి తగలని చోటని భీమశంకరం దేవుడి అరలో పెట్టాడు.

పొద్దున భార్య శేషమ్మ పూజ ముగించేసరికి ఆటగాడి నుదుట నూనె కలిపిన కుంకుమ మెరుస్తోంది.

"గుళ్లో గంట కొడుతున్నాడనుకున్నానండీ! ఎవరో భక్తుడని..."

"నీ భక్తి నా ఉద్యోగం మీదికొచ్చింది."

కార్ల ఫ్యాక్టరీ లే-ఆఫ్ చేశాక ఆ కొట్టులో అద్దాలు తుడవడమే అతని బతుకు. ఈ వయసులో ఇంకెవరు రమ్మంటారు?

కొట్టులో కొనేవాడు కార్డును భూతద్దం పెట్టి చూశాడు. పెదవి విరిచి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. భీమశంకరం తల వంచుకుని గంట సంగతి చెప్పాడు. వాల్టర్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"సిగరెట్లు అమ్మిపెట్టాడు మా తాత. దండం ఎవరూ పెట్టలేదు. అమ్మను పో. మీ ఆవిడ పెట్టిన చోటే ఉంచు."

మధ్యాహ్నం వాల్టర్ కుర్చీలో కునుకు తీశాడు. అద్దాలన్నీ తుడిచి భీమశంకరం పిలిచాడు. ఆష్‌ట్రేలో సిగరెట్ ఎవరూ ముట్టుకోకుండానే మొదలంటా కాలి, బూడిద రాలకుండా నిలిచి ఉంది. మళ్లీ పిలిచాడు.

అంబులెన్స్ వాళ్లు "రిలేటివ్‌వా?" అని అడిగారు.

"వర్కర్‌ని," అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, కార్డు అరలో పెట్టి, "వాల్టర్ పోయాడే," అన్నాడు. శేషమ్మ అన్నం వడ్డించి, తనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. చారన్నం ఇద్దరూ తిన్నారు.

అరలో, ఎండిన బొట్టు కింద, ఎత్తిన చేతులకు కొంచెం పైన, బంతి ఇంకా దారానికి వేలాడుతోంది.