తెల్లగా మిగిలిన రొయ్య

బెర్గెన్‌లో వాన ఎప్పటిలాగే పడుతోంది. సిగ్రూన్ ఎప్పటిలాగే గొడుగు గుమ్మంలో విదిలించి, కాఫీ పోసుకుని, మ్యూజియం వెనకగదిలో మైక్రోస్కోపు ముందు కూలబడింది. స్పిరిట్ సీసాలోంచి రొయ్యను పట్టకారుతో తీసి పళ్ళెంలో పడుకోబెట్టింది. ముక్కు కొమ్ము మీది ముళ్ళు లెక్కపెట్టింది. వీపు పెంకులు తిరగేసి చూసింది. కాళ్ళ మొదట్లో మెరుపు చుక్కలేమైనా ఉన్నాయేమోనని వెతికింది. నిన్నా ఇదే పని, మొన్నా ఇదే పని.

లోతు సముద్రపు రొయ్యలు స్పిరిట్‌లో వేస్తే తెల్లగా పాలిపోతాయి. సరైన పేరు పెట్టి పిలిస్తే మళ్ళీ ఎర్రబడతాయి. ఎర్రబడ్డాకే డైరెక్టరమ్మ చీటీ మీద సంతకం పెడుతుంది. ఆ గదిలో మొదట్నుంచీ అదే పద్ధతి.

ఈ మొండిఘటం మాత్రం పుస్తకాల్లో ఉన్న ఏ పేరుకీ పలకలేదు. అంటే కొత్త జాతి. కొత్త జాతికి ఎవరి పేరైనా పెట్టొచ్చు, కనిపెట్టినవాళ్ళ సొంత పేరు తప్ప. అలా పెట్టుకున్నవాణ్ణి ఆ వృత్తిలో మనిషి కింద లెక్కెయ్యరు. సిగ్రూన్‌కి ఆ యావ లేదు. ఆమె తల్లి గుడ్నీ రేవు ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు వంకర పోయిన మనిషి. ఒక రొయ్యకు నీ పేరు పెడతానని సిగ్రూన్ ఆవిడకు ఎప్పుడో మాటిచ్చింది. తొంభై దాటిన గుడ్నీ ఇప్పుడు వృద్ధాశ్రమం కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవడమే మానేసింది. ఫోన్ చేసినప్పుడల్లా "నా రొయ్య దొరికిందా?" అని ఒకటే ప్రశ్న.

"గుడ్నీ," అంది సిగ్రూన్. రొయ్య ఉలకలేదు. "గుడ్నీ! గుడ్నీ!"

"అరిస్తే పరిగెత్తుకు రావడానికి అదేమన్నా కుక్కా?" అన్నాడు ఎదురు బల్ల దగ్గర్నుంచి ఒడ్వార్.

ఒడ్వార్‌కి ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. కాఫీ గదిలో అతని వీడ్కోలు కోసం వాఫుల్స్ అట్లు పోస్తున్నారు. వదిన పేరూ, పడవ పేరూ, చచ్చిపోయిన పిల్లి పేరూ కూడా రొయ్యలకు పెట్టాడు గానీ, అతని పేరు ఎవరూ దేనికీ పెట్టలేదు. నోరలాంటిది మరి.

"ముళ్ళు పదమూడని రాశావు. పద్నాలుగు. కళ్ళజోడు మార్చుకో."

సిగ్రూన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంత పొడుగు ముక్కు! ముక్కు నిండా ముళ్ళు! ఎవరు చెప్పినా వినదు! ఇది మా అమ్మ ఎందుకవుతుంది, అచ్చం ఒడ్వార్!"

రొయ్య తోక దగ్గర్నుంచి మీసాల దాకా ఎర్రబడింది.

ఒడ్వార్ లేచొచ్చి పళ్ళెం మీదికి వంగాడు. "రాయకపోయినా ఫర్లేదు. నేనెవరికీ చెప్పను," అన్నాడు ఒడ్వార్, ఎన్నడూ లేనంత మెల్లగా.

సిగ్రూన్‌కి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు అమ్మ కోసం దాచిపెట్టుకున్నది పోయి పోయి ఈ మనిషి పాలయింది. అలాగని ఎర్రటి రొయ్యను తెల్లదని ఎలా రాస్తుంది? చీటీ చిరిగేంత కసిగా అతని పేరు రాసింది. ముళ్ళు మళ్ళీ లెక్కపెట్టింది. పద్నాలుగే.

ఒడ్వార్ ముక్కు చీదుకుని, తన బల్ల అడుగు సొరుగు తాళం తీశాడు. లోపల ఒక పాత సీసా, అందులో పొట్టి ముక్కు తెల్ల రొయ్య.

"ఇది కూడా దేనికీ పలకలేదు. ప్రతి పుట్టినరోజుకీ తలుపేసుకుని నా పేరే చెప్పి చూసేవాణ్ణి." అతని చెవులు కందిపోయాయి. "సిగ్గులేని పనే. ఒకసారి నువ్వు పిలువు."

సిగ్రూన్ సీసాను దగ్గరికి తీసుకుంది. నిద్రపోతున్న మనిషిని లేపినట్టు, "గుడ్నీ," అంది. రొయ్య ఎర్రబడింది.

సిగ్రూన్ వెంటనే ఫోన్ చేసింది. "అమ్మా, నీ రొయ్య దొరికింది. ఎర్రగా ఉందే!"

"ఎర్రగానా? అప్పుడే ఉడకేశారా?" గుడ్నీ గొంతు పెరిగింది. "ఎవర్నీ ఒలవనివ్వకు, పాడుచేస్తారు. నేనొస్తున్నా."

వాఫుల్స్ ఇంకా చల్లారలేదు. గుడ్నీ మ్యూజియం మెట్లెక్కి వచ్చి, గొడుగు గుమ్మంలో విదిలించింది.