తులసి కుండీ మార్చిన రోజు

ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా ఆయన నా చెవిలో ఎన్ని పువ్వులు పెట్టాడో నాకు తెలియదు. తెలిసిన ఒక్కటీ నా తులసి కుండీలోనే దొరికింది. తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

మా బాల్కనీలో తొమ్మిది కుండీలు, అన్నీ నల్ల తులసే. పూత కంకి కనిపించిన రోజే గోటితో తుంచెయ్యాలి, లేకపోతే మొక్క విత్తనాల మీద పడి ఆకు వెయ్యడం మానేస్తుంది. ఆకు పొద్దున్నే, తడి ఆరాక కోయాలి. ఎండలో పెడితే వాసనంతా పోతుంది కాబట్టి గదిలోనే పలచటి గుడ్డ మీద పరిచి, నలిపితే గలగలమనేదాకా ఆరనివ్వాలి. ఇంత చాకిరీ చేసి సీసాలకెత్తిన ఆకుతో, మిరియాలూ శొంఠీ వేసి, నీళ్ళు సగానికి మరిగించి, ఆయనకు పూటకో గ్లాసు కషాయం ఇచ్చాను. రెండేళ్ళుగా వేధిస్తున్న దగ్గూ ఆయాసమూ రెండు నెలలు తిరగకుండా తగ్గాయి. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు గానీ, "అవి మింగేటట్టయితే నా కషాయం ముట్టుకోకండి" అని ముందే తేల్చి చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఇక ఊరుకుంటానా? మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను. మా చెల్లెలికి మరీ గట్టిగా చెప్పాను. దానిదీ అదే జబ్బు, అదే డాక్టరు. "మీ బావగారిని చూడవే! ఆ మాత్రలు పక్కన పడేసి ఇది తాగు" అని సీసా చేతిలో పెట్టి పది రోజులైంది. రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాను. "తగ్గిందక్కా, చాలా తగ్గింది" అంటోంది.

ఈ ఉదయం పెద్ద కుండీలో మొక్క ముదిరి కట్టెలా అయిందని, మట్టి మారుద్దామని కుండీ బోర్లించాను. వేళ్ళ మధ్యనుంచి ఖాళీ మాత్రల అట్టలు రాలాయి. ఒకటా రెండా, పదకొండు!

"ఏమండీ!" అని నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది.

ఆయన పేపరుతో వచ్చాడు. కిందికి చూశాడు. పేపరు మెల్లిగా మడిచాడు.

"ఇవి నా కుండీలో ఎందుకున్నాయి?" అన్నాను.

"చెత్తబుట్ట నువ్వు రోజూ కెలికి చూస్తావుగా. మరెక్కడ పెట్టను?"

"అంటే నా కషాయంతో తగ్గలేదన్నమాట!"

"అది గొంతుకి హాయిగానే ఉండేది. రెండూ వేసుకున్నాను. ఏది ఎంత పనిచేసిందో నాకేం తెలుసు?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే బతకనిస్తావా? నెలరోజులు మూతి ముడుచుకు కూర్చుంటావు. నీ అలక భరించడం కంటే మట్టి తవ్వడం తేలిక."

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను అందరికీ గొప్పలు చెబుతుంటే పక్కనే నిలబడి అవునవునని తలూపిన మనిషి! నన్నెంత వెర్రిదాన్ని చేశాడు! నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాను. తిట్టు సగంలో ఉండగా చెల్లెలు గుర్తొచ్చింది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. చేతుల మట్టి కూడా కడుక్కోకుండా రెండు వీధులు దాటి వాళ్ళింటికి పరుగెత్తాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. చెల్లెలు మంచం మీద రెండు దిండ్లు ఒళ్ళో పెట్టుకుని, వాటి మీదికి వంగి కూర్చుంది. ఊపిరి తీసుకుంటుంటే పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. నన్ను చూడగానే నిటారుగా కూర్చోబోయింది.

"తగ్గిందక్కా" అంది. "చాలా... తగ్గింది."

"తగ్గింది నీ మొహం! ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నావు?"

"నాలుగు రోజులు."

"మరి ఫోన్లో రోజూ ఆ అబద్ధాలేంటే?"

"నువ్వంత కష్టపడి చేసిచ్చావు. తగ్గలేదంటే... కోప్పడతావని."

ఇద్దరూ ఇద్దరే! నేనేమన్నా మనుషుల్ని మింగేస్తానా? కోపం మళ్ళీ పొంగుకొచ్చింది గానీ, ఈసారి ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"మీ బావగారు మాత్రలు వేసుకున్నారే. నాకు తెలియకుండా దాచుకుని వేసుకున్నారు. నీకు నేను తప్పు చెప్పాను" అన్నాను. ఆ చివరి మాట అనేసరికి నా తాతలు దిగొచ్చారు.

టాక్సీకి ఫోన్ చేశాను. అలమారలో వెతికితే దాని మాత్రలు దొరికాయి. ఒకటి తీసి, నీళ్ళ గ్లాసుతో చేతికిచ్చాను.

"ఇది వేసుకో. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

చెల్లెలు మాత్రని గుప్పిట్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది. ఆయాసంతో దాని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అయినా గుప్పిట విప్పలేదు.

"నువ్వు కాస్త అటు తిరుగక్కా" అంది. "వేసుకుంటాను."