చంక దిగని బిడ్డ

ఏడాది క్రితం చదువు మానేసిన పదహారేళ్ల పిల్ల మళ్లీ వచ్చి తరగతిలో కూర్చునేసరికి టీచర్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఎందుకుంటాయి? చంటిబిడ్డ తల్లయిన ఆ పిల్లను బడికి రప్పించడానికి ఆవిడ కాళ్లరిగేలా తిరిగింది. "పట్టుబట్టాలే గానీ కానిదేముంది?" అని తోటి టీచర్ల దగ్గర మురిసిపోయింది.

ఆ పిల్లను తల్లిని చేసినవాడు కబురైనా లేకుండా జారుకున్నాడు. వీధిలో జాలికి మాత్రం కొదవ లేదు. కొందరు పాత బట్టలిచ్చారు, కొందరు అడక్కుండానే సలహాలిచ్చారు, అందరూ కలిసి ముక్కున వేలేసుకున్నారు. ఒక్కపూట బిడ్డను చూస్తామన్నవాళ్లు లేరు.

వారం తిరక్కుండానే చిన్న తరగతిలో ఒక చోటు ఖాళీ అయింది. అది ఆ పిల్ల చెల్లెలిది. తొమ్మిదేళ్లది, నోరు మూతపడదు కాబట్టి అందరూ వసపిట్ట అంటారు. జ్వరమేమో అనుకుని టీచర్ మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లింది. వసపిట్ట గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో అక్క కొడుకు. ఆ బరువుకు దాని నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది.

"బడికెందుకు రావడం లేదే?"

"నేనొస్తే వీణ్ణెవరు చూస్తారు టీచర్? అక్క చదువుకోవాలని మీరేగా చెప్పారు!"

"మీ అమ్మో?"

"అమ్మ ఇస్త్రీ కొట్టుకు పోకపోతే మాకు తిండెక్కడిది?" అంది ఆరిందాలా.

 టీచర్ తిరిగొచ్చి హెడ్మాస్టర్‌ని బతిమాలింది. విరిగిన బల్లలు పడేసిన గది ఖాళీ చేయించి, ఓ ఆయాను పెట్టి, బిడ్డను అక్కడ ఉంచుదామంది.

"బడిలో ఉయ్యాలలేంటమ్మా? ఆ బిడ్డను చూసి మిగతా ఆడపిల్లలు ఏమైపోవాలి?" అన్నాడాయన.

ఏమైపోతారోనని ఎంత బెంగో! కళ్లముందే ఏమైపోతున్నారో మాత్రం ఆయనకు పట్టలేదు.

సాయంత్రం టీచర్ సంగతి ఎత్తగానే అక్క తల దించుకుంది.

"దానికి నాకన్నా బాగా చదువొస్తుంది టీచర్. నేనే మానేస్తా, దాన్ని పంపిస్తా."

వద్దనడానికి టీచర్ దగ్గర ఏముంది?

కానీ ఇంట్లో తల్లి ఆలోచన వేరు. "చదువెలాగూ మానేశావు. నాకా, నడుం పనిచేయడం లేదు. నువ్వూ కొట్టుకు రా" అంది. ఆమెను రాక్షసి అనుకోకండి. రోజంతా నిలబడి బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, కాస్త చేయి సాయం కోరుకుంది. నిప్పుల పెట్టెలున్న కొట్లోకి చంటిబిడ్డను తేవద్దని యజమాని అన్నాడు. అందులోనూ తప్పు లేదు. అలా అక్క ఇస్త్రీ బల్ల ముందుకు వెళ్లింది, చెల్లెలు గుమ్మంలోనే ఉండిపోయింది.

కొన్నాళ్లకు వీధిలో ఎదురుపడితే వసపిట్ట టీచర్‌కి బోలెడు కబుర్లు చెప్పింది. అన్నీ పిల్లాడి పళ్ల గురించే. బడి ఊసెత్తలేదు.

బడిలో పెద్దల సమావేశం జరిగిన రోజున టీచర్ లేచింది. హెడ్మాస్టర్ ముఖం చిట్లించినా ఆగలేదు.

"పిల్లతల్లిని బడికి పిలిచి గొప్ప పని చేశాననుకున్నాను. ఆమె వస్తే చెల్లెలు బడికి దూరమైంది, ఆఖరికి ఇద్దరూ దూరమయ్యారు. ఇంట్లో బిడ్డ ఏడుస్తుంటే, చదువుకో తల్లీ అని చెప్పి వచ్చేస్తే ఏం లాభం? పెద్దవాళ్లం మనం ఎత్తుకోని బిడ్డను ఇంకో పసిపిల్లే ఎత్తుకుంటుంది."