విషం పీకే నల్లరాయి

సంతోషమ్మ ఇంట్లో విషం పీకే నల్లరాయి ఉండాదని ఓర్వకల్లు చుట్టుపక్కల తెలియనోళ్లు లేరు. బొగ్గు నలుపు, అగ్గిపెట్టెలో సగం. పాము తలలోంచి తీసినారని కొందరు, బర్రె ఎముక కాల్చి చేసినారని కొందరు. ఎప్పుడో తెల్లపాదిరి ఒకాయన ఆమె అత్తకు ఇచ్చిపోయినాడంట. కాటు మీద పెడితే అంటుకుంటాది, విషమంతా తాగినాకనే రాలుతాది. రాలినాక పాలలో వేయాల. బుడగలొస్తాయి. ఆ బుడగలే విషమని జనం రాయికి దండం పెట్టేవాళ్లు, ఆమెకూ పెట్టేవాళ్లు.

రెండేండ్ల కింద కొడవలి జారి వేలు తెగితే ఊరికే రాయి పెట్టి చూసుకునింది. ఏ విషమూ లేని వేలికీ అంటుకునె. ఉత్త నీళ్లలో వేసినా అవే బుడగలు. రాయిలో ఏ మహిమా లేదని ఆమెకు తెలిసిపోయింది. అయినా నోరు మూసుకునింది. ఎందుకంటారా? అన్నేండ్లు పెట్టించుకున్న దండాలప్పా, వదులుకునేకి మనసొస్తాదా! పోయినేడు పాము కరిచిందని ఊర్లోని లేవిని మోసుకొస్తే మాట్లాడకుండా రాయి పెట్టింది. అది కాలికి అంటుకొని ఉండంగానే లేవి పోయినాడు. ఆలస్యంగా తెచ్చినారన్నారు అందరూ. ఆమె కూడా అవుననింది.

ఈ పొద్దు శెనక్కాయల చేన్లో ఆమె మనవరాలు మహిమను రక్తపింజర కరిచింది. తొమ్మిదేండ్ల పిల్ల. ఇంటికి ఎత్తుకొచ్చేలోపలే పాదం ఉబ్బిపోయింది. ఆటో తియ్యి, కర్నూలు పెద్దాసుపత్రికి పోదామని సంతోషమ్మ ఆటో తోలే వీరభద్రను బతిమాలింది. వాడు కదల్లేదు. రాయి ఇంట్లో పెట్టుకొని ఆసుపత్రి ఎందుకవ్వా, దారిలో పిల్లకేమన్నా అయితే ఎట్లా అన్నాడు. జనమూ అదే మాట. లేవి పెండ్లాం కృపమణి పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకొని, రాయి కడిగేకి చెంబుడు పాలు కూడా తెప్పించింది.

పిల్ల చిగుళ్లలో నెత్తురు కనపడింది.

"ఆ రాయి ఏమీ పీకదు. తడి యాడుంటే ఆడ అంటుకుంటాది, అంతే," అనింది సంతోషమ్మ.

కృపమణి తలెత్తింది.

"మా ఆయనకు పెట్టిన నాటికే నీకు తెల్సునా, అత్తా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. పిల్ల మూలిగింది.

"తెల్సు."

వీరభద్ర ఆటో తీసినాడు. కృపమణి పిల్లను దించకుండానే ఎక్కి కూర్చునింది. సంతోషమ్మ పక్కన ఒదిగింది. దారి పొడుగునా కృపమణి ఆ కాలు కదలనీకుండా పట్టుకునే ఉండాది, ఈమె దిక్కు ఒక్కసారీ చూడలేదు. పిల్లను నా ఒళ్లోకి ఇయ్యమని అడిగేకి సంతోషమ్మకు నోరు రాలేదు.