కదలని అంకె

కరెంటు పోయి ఫ్యాను ఆగింది. రామగుండం ఎండలకు ఇంట్లో ఫ్యాను ఆగితే మనిషి ఉడికిపోతాడు, అంతే. బొగ్గుబావి పెద్ద ఫ్యాను ఆగితే లోపల, నిప్పురవ్వ తగిలితే పేలే గ్యాసు ఊరుతుంది. కాసేపటికి బావి ఫ్యాను మళ్లీ తిరిగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కంట్రోల్ రూంలో సుజిత మనసు మాత్రం కుదుటపడలేదు. ఆమె ముందున్న, బ్యాటరీ మీద నడిచే కంప్యూటర్ తెర మీద గ్యాసు సున్నా పాయింట్ రెండు శాతం. ఫ్యాను ఆగకముందూ అంతే, ఆగినప్పుడూ అంతే, తిరిగాకా అంతే.

ఆమె తండ్రి అంద్రెయ ఇదే బావిలో సర్దార్‌గా చేశాడు. లోపల గ్యాసు పరీక్షించడం ఆయన పని. దమ్ము పట్టి డ్యూటీకి పనికిరాకుండా పోతే వారసత్వం కింద కూతురికి ఉద్యోగం వచ్చింది. కంట్రోల్ రూంలో కూర్చుని ఆమెకింకా నెల కాలేదు. "ఫ్యాను ఆగితది గని గ్యాసు ఆగది బిడ్డా," అనేవాడు అంద్రెయ. పైగా ఇవాళ ఆమె భర్త శాంతిరాజ్ మొదటి షిఫ్టులో, అందరికంటే లోపలి చోట పట్టాల మీది టబ్బుల్లో బొగ్గు నింపుతున్నాడు. అక్కడి గాలి సంగతి చెప్పాల్సిన అంకె ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే భార్యకు ముద్ద దిగుతుందా? టిఫిను మూత పెట్టేసింది.

మంచిర్యాలలో కోర్సు చేసేటప్పుడు సారొక మాట చెప్పాడు, అనుమానమొస్తే యంత్రాన్నే అడగమని. కమాండ్లు కొట్టే నల్లతెర తెరిచి rpm -qa అని కొట్టింది. నీలో ఏమేం ప్రోగ్రాములు ఎక్కించారో చెప్పమని దానర్థం. పేర్లు జలజలా రాలాయి. బావిలోని సెన్సార్ల నుంచి అంకెలు తెచ్చే gasread వాటిలో కనబడలేదు. కళ్లు మోసం చేశాయేమోనని పేరు పెట్టి అడిగింది. ఎక్కించనే లేదంది యంత్రం. ఉన్నదల్లా gasdemo అనే ఇంకొకటి. అదేమిటో చెప్పమని rpm -qi కొట్టింది.

ప్రదర్శన కోసం మాత్రమే, చూపే అంకెలు కల్పితం అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం వచ్చింది. ఎక్కించిన తేదీ కూడా వచ్చింది. అది కంప్యూటర్‌ను ప్రారంభించిన రోజు. పెద్దసార్లు వచ్చి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, చప్పట్లు చరిచి పోయిన రోజు. అతిథుల ముందు గ్యాసు ఎక్కువైందని ఎర్రలైటు వెలిగితే పరువు పోతుందని యంత్రం అమ్మినవాళ్లు ఈ బొమ్మను పెట్టారు. పెట్టి, తీయడం మరిచారు. ఆ బొట్టు ఇంకా కంప్యూటర్ నుదుట అలాగే ఉంది.

సుజిత బావిలోకి ఫోన్ చేసింది. అవతల తీసింది ఇప్పటి సర్దార్ రాయమల్లు, అంద్రెయ దోస్తు.

"కాకా, గ్యాసు ఎంతున్నది?"

"పాయింట్ రెండు బిడ్డా. ఎప్పటి లెక్కనే."

సుజిత కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంది. యంత్రం ఉత్తదైతేనేం, మనిషి ఉన్నాడు. మనిషి చేతిలో సేఫ్టీ ల్యాంపు ఉంది. గ్యాసుంటే దాని మంట మీద టోపీలా నీలం వెలుగు లేస్తుంది, అది అబద్ధమాడదు. అయినా నోరు ఊరుకోలేదు.

"ల్యాంపుతోని చూసినవా కాకా?"

"ల్యాంపెందుకు? పొద్దుగాల నువ్వు ఫోన్ల చెప్తివి గదా, గదే రాసుకున్న. కంప్యూటర్ వచ్చినప్పటి సంది అందరం గట్లనే రాస్తున్నం. ల్యాంపు పైన లాంప్‌రూంలనే ఉన్నది, మోసుడెందుకని."

సుజితకు అర్థమైంది. పైవాళ్లు కిందివాళ్ల రాతను నమ్మారు, కిందివాళ్లు పైవాళ్ల అంకెను నమ్మారు. గుడ్డివాళ్లిద్దరు ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఇన్నాళ్లూ భూమి లోపల నడిచారు.

"కాకా, ఈ అంకె ఉత్తది. అందర్ని తోలుకొని పైకి రా. జల్ది."

"మేనేజర్ సారు చెప్పిండా?"

"లేదు. అంద్రెయ బిడ్డ చెప్తున్నది."

"వస్తున్నం," అన్నాడు రాయమల్లు.

మనుషులు బావి మొగదలకు వస్తుండగానే మేనేజరు ఫోన్ చేశాడు.

"షిఫ్టు నడుమ అందరూ ఎందుకొస్తున్నారు? తెర మీద ఎంతుంది?"

"పాయింట్ రెండు సార్, కాని అది..."

"పాయింట్ రెండుంటే నీకేం నొప్పమ్మా? వెనక్కి పంపు. కొత్త ఉద్యోగం, చూసుకో."

అంకె ఉన్నంతసేపు తన మాట ఎవరూ వినరని ఆమెకు తెలిసిపోయింది. అంకె లేకపోతే మాత్రం ఎవరినీ దింపకూడదు, అది బావి రూలు. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. rpm -e gasdemo అని కొట్టి, ఆ బొమ్మను పీకేసింది. సున్నా పాయింట్ రెండు మాయమై, ఆ చోట ఉత్త గీతలు మిగిలాయి.

"ఇప్పుడేం లేదు సార్," అంది.

కిటికీలోంచి శాంతిరాజ్ కనిపించాడు. బొగ్గు మొహంతో ఇటే చూస్తున్నాడు. రాయమల్లు ఎవరి కళ్లలోకీ చూడకుండా లాంప్‌రూంలోకి పోయి, దుమ్ము తుడిచి ల్యాంపు వెలిగించుకుని, పైఅధికారి ఓవర్‌మన్‌ను వెంటబెట్టుకుని మళ్లీ దిగాడు. సుజిత ఫోన్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. చూడటానికి ఇప్పుడు అంకె కూడా లేదు.

ఫోన్ మోగింది.

"బిడ్డా," అన్నాడు రాయమల్లు. "లోపలిదాక పోనే లేదు. మొదటి మలుపు కాడ్నే మంటకు నీలం టోపీ లేసింది. ఎవర్నీ దింపకు."

"నువ్వు బయటికి ఎల్లిరా కాకా."

"వస్తున్న." కాని ఫోన్ పెట్టలేదు. "నిన్న గిక్కడ్నే కూసొని సద్ది తిన్నం బిడ్డా. అందరం. ఎన్నొద్దుల సంది గిట్లున్నదో."